సంగటి ముద్దతో పేగులకు పని

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దాదాపు 60 కిలోమీటర్లు. దారి పొడవునా ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు, మబ్బుకేసి చూస్తున్న వేరుశనగ చేలు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మరి! ఊళ్లో పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. రుచికి తిరుగులేదు. కాకపోతే బొరుగులూ బియ్యంవే, మధ్యాహ్నం తినే అన్నమూ బియ్యందే.

ఈ నేల అసలు తిండి అది కాదు. రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, ఊరిబిండి, ఉలవ గుగ్గిళ్లు... వరన్నం పండగ పూటే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక కంచం మారింది. చేలను వేరుశనగ ఆక్రమించింది. కొర్రలు ఎందుకు మానేశారని ఇక్కడి అవ్వల్ని కదిపితే ముందు గుర్తొచ్చేది రోకలి పోటు. పొట్టు పోయేదాకా దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. ఆ చాకిరీ తప్పినందుకు ఆడవాళ్లను తప్పుపట్టగలమా?

అయితే మనతోపాటు మరొకరి కంచం కూడా మారింది. చిరుధాన్యాల్లోని పీచు చిన్నపేగులో అరగదు. పెద్దపేగులో కాచుకున్న కోటానుకోట్ల బ్యాక్టీరియాకు అదే భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలకు ప్రధాన ఇంధనం ఇదే. పీచు అందకపోతే కొన్ని బ్యాక్టీరియా పేగుగోడను కాపాడే జిగురు పొరనే తినేస్తాయని ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలింది.

కళ్యాణదుర్గంలాంటి మెట్టప్రాంతమే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో. అక్కడి పల్లె పిల్లలు తినేదీ సజ్జలు, జొన్నలు, అలసందలే. వాళ్లను ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లలతో పోల్చిన పరిశోధన 2010లో వెలువడింది. పీచును అరిగించే బ్యాక్టీరియా, అవి తయారుచేసే ఆమ్లాలు పల్లె పిల్లల్లోనే బాగా ఎక్కువ. 2015లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా చిత్రం. 20 మంది నల్లజాతి అమెరికన్లకు పీచు దండిగా ఉన్న ఆఫ్రికా పల్లె భోజనం, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులకు కొవ్వు, మాంసం ఎక్కువుండే అమెరికా భోజనం పెట్టారు. రెండే వారాల్లో పేగుల్లో మార్పులు తారుమారయ్యాయి. అమెరికన్లలో బ్యూటిరేట్ పెరిగింది, పల్లెవాసుల్లో తగ్గింది. అంటే చెడటానికైనా, బాగుపడటానికైనా ఎంతో కాలం పట్టదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు పట్నాల సూపర్‌మార్కెట్లకెక్కాయి. ఇక్కడేమో కార్డు బియ్యం ఉచితం, కొర్రలు కొనుక్కోవాలి! సంగటేమో నాటుకోడి పులుసుతో హోటల్ స్పెషల్ అయింది. పేగుల్లోని బ్యాక్టీరియాకు మాత్రం ఆకలి రోజూ వేస్తుంది.

కొనేటప్పుడు తెల్లగా మెరిసే కొర్రల జోలికి పోకండి. బాగా పాలిష్ పడితే తవుడుతోపాటు పీచూ పోతుంది. రాగులతో ఆ బెడద తక్కువ, మామూలుగా పొట్టుతోనే పిండి పట్టిస్తారు. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి పొద్దున్నే తాగడమూ మంచిదే. చల్లారిన పిండిపదార్థంలో కొంత భాగం అరగకుండా పెద్దపేగుదాకా వెళుతుంది. అలవాటు లేనివాళ్లు మొదటిరోజే పెద్ద ముద్ద మింగితే కడుపుబ్బరం తప్పదు. పూటకు కొంచెంగా మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగండి. పేగు జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగాకే కంచంలో వడ్డించుకోవాలి.