నయాడ్‌లు, మా కట్ట మైసమ్మ

పోయిన సెమిస్టర్‌లో డీబీఎంఎస్ మినీ ప్రాజెక్టు కోసం నేనూ మా రూమ్మేటూ ప్రపంచ పురాణాల మీద ఒక క్విజ్ యాప్ చేశాం. నీటి దేవతల టేబుల్ నా వంతు. గ్రీకు వరుసలు నింపడానికి నాకు గూగుల్ కూడా అక్కర్లేదు. ఎనిమిదో తరగతిలో పర్సీ జాక్సన్ పుస్తకాలు పట్టుకున్నప్పటి నుంచి అవన్నీ నోటికొచ్చు. సముద్రానికి పొసైడన్. నెరియస్ అనే ముసలి సముద్ర దేవుడికి 50 మంది కూతుళ్ళు, వాళ్ళు నెరీడ్‌లు. ఊటలకూ వాగులకూ నయాడ్‌లు. వాళ్ళు ఏ ఊటకు చెందినవాళ్ళు ఆ ఊట దగ్గరే ఉంటారు.

పక్కనుంచి చూస్తున్న రూమ్మేట్ అడిగాడు: "మీ ఊళ్ళో చెరువుంది కదరా, దానికెవరు?"

మాది నిజామాబాద్ జిల్లా వేల్పూర్. తెలుగులో వేల్పు అంటే దేవత అని నాకు ఈ క్లబ్‌లో చేరాకే తెలిసింది. ఇంగ్లిష్ మీడియం చదువు కదా, అలాంటివి చాలా ఉన్నాయి.

చెరువు కట్ట మీద వేపచెట్టు కింద పసుపు పూసి కుంకుమ పెట్టిన రాయి ఒకటి ఉంటుంది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బాపమ్మ బోనం ఎత్తుకొని అక్కడికి పోతుంటే, నన్ను కూడా రమ్మంది. "రాయికి అన్నం పెడ్తవా?" అని నవ్వాను. ఆర్మూర్ స్కూల్ ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తారేమోనని రోడ్డు మీదే నిలబడ్డాను. బాపమ్మ ఏమీ అనలేదు. కానీ మరుసటి ఏడాది నుంచి నన్ను పిలవడం మానేసింది. ఆ రోజు ఇంటికొచ్చి నేను చదివింది పర్సీ జాక్సన్ రెండో పుస్తకం.

రూమ్మేట్ అడిగిన రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

"బాపమ్మా, మన కట్ట మీద ఉన్నది ఎవరు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇప్పుడెందుకు రా నీకు?"

"కాలేజీ పనికి."

"కట్ట మైసమ్మ బిడ్డా. గంగమ్మ నీళ్ళల్ల ఉంటది. వానలైతే వస్తది, ఎండలైతే పోతది. మైసమ్మ గట్ల కాదు, కట్టను కాస్తది. కట్ట తెగితే ఇంకేముంటది?"

సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్‌ని అడిగితే అదే మాట ఇంకోలా చెప్పాడు. మన చెరువులకు మట్టికట్టే ఆధారం. తూము కింది పొలాలకు నీళ్ళిస్తుంది, నీళ్ళు ఎక్కువైతే మత్తడి దుంకి పోతాయి. మత్తడి మోయలేనంత వరద వచ్చి కట్ట మీంచి పొర్లితే మట్టి కోసుకుపోతుంది, కింద ఊరికి ఊరే మునుగుతుంది. మా భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. కాపలా ఎక్కడ పెట్టాలో పాతవాళ్ళకు బాగానే తెలుసు.

తర్వాత గ్రీకు వరుసలు సరిచూద్దామని హెసియడ్ ఇంగ్లిష్ అనువాదం తెరిచాను. ఆయన దాదాపు 2,700 ఏళ్ళ కిందటి కవి. నది దాటేముందు ప్రార్థించి చేతులు కడుక్కోవాలని ఒకచోట చెప్తాడు. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. బాసరకు పోయేటప్పుడు వంతెన మీద బాపమ్మ కిటికీలోంచి రూపాయి వేసి దండం పెట్టేది. నేను సీటులో కిందికి జారి కూర్చునేవాణ్ణి. ఇలియడ్‌లో అకిలీస్ జుట్టును ఊరి నదికి ఇస్తానని అతని తండ్రి మొక్కుకుంటాడు. అది చదివి 'వావ్' అనుకున్నాను. మన తలనీలాలు మాత్రం నాకు వెనకబాటుతనం. గ్రీకువాళ్ళు చేస్తే మిథాలజీ, బాపమ్మ చేస్తే మూఢనమ్మకం. ఈ తేడా నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను.

హెసియడ్ ఇంకో మాట కూడా అంటాడు. నదులు 3,000, వాటి పేర్లన్నీ ఒక్క మనిషి చెప్పలేడట, ఏ నది దగ్గర బతికేవాళ్ళకు ఆ నది పేరు తెలుసట. అక్కడ ఆగిపోయాను. నేను ఆ చెరువు దగ్గర పదహారేళ్ళు బతికాను.

ఈ ఆషాఢంలో రెండు రోజులు క్లాసులు మానేసి ఊరికి పోయాను. బాపమ్మకు మోకాళ్ళ నొప్పులు, బోనం అమ్మ ఎత్తుకుంది. నేను బాపమ్మ చెయ్యి పట్టుకొని కట్ట ఎక్కించాను. నాకు నమ్మకం వచ్చిందా అంటే, లేదు. కానీ ఈసారి రోడ్డు మీద నిలబడలేదు. దిగేటప్పుడు బాపమ్మ అడిగింది: "కాలేజీ పని అయిపోయిందా?"

అయిపోలేదు. టేబుల్‌లో 'మేజర్', 'మైనర్' అని ఒక కాలమ్ ఉండేది. మైసమ్మ దగ్గర ఏది పెట్టాలో తోచక ఆ కాలమే తీసేశాను. ఇంకా చాలా వరుసలు ఖాళీగా ఉన్నాయి. మీ ఊరి చెరువు పేరు, కట్ట మీది అమ్మ పేరు నాకు పంపండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోన్ చేసి అడగండి. ఎందుకు అని అడిగితే మాత్రం, నాలాగా కాలేజీ పనికి అని చెప్పకండి.