తాత చల్లిన ఉలవలు

పురట్టాసి మొదట్లో పెన్సిల్వేనియా నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, కొండ కింది తోటలో తాత జింకల కోసం ఉలవలు చల్లేవారని చెప్తుంటావు కదా. ఈ ఏడు మళ్ళీ చల్లుదామా? డిసెంబర్లో పాపను తీసుకొస్తాను, జింకల్ని చూస్తుంది" అన్నాడు.

వాడికి ఈ ఆలోచన అక్కడి స్నేహితుణ్ణి చూసి వచ్చింది. ఆ ఊళ్ళలో వేసవి చివర చిన్న చెక్క దున్ని, క్లోవర్, టర్నిప్, రై గింజలు చల్లుతారట. మంచు పడ్డాక టర్నిప్ ఆకు తియ్యబడుతుందట. చలికాలం ముందు ఒళ్ళు పెంచుకోవడానికి తెల్లతోక జింకలు ఆ మేతకు వస్తాయట. కొందరు చూడ్డానికి చల్లుతారు, ఎక్కువమంది అనుమతి తీసుకుని వేటాడ్డానికి చల్లుతారు. అక్కడ అది దాచుకునే సంగతేమీ కాదు.

నాకు భలే ఉత్సాహం వచ్చింది. మన తోట ఎక్కడుందో మన వాళ్ళకు తెలుసు. రాజపాళయానికి పడమర, అయ్యనార్ కోయిల్ వైపు వెళ్ళే దారిలో. మామిడి, కొబ్బరి అయిపోయాక రాళ్ళ నేల ఏబై సెంట్లు, దాని అవతల వాగు, వాగు దాటితే అడవి. ఆ ఏబై సెంట్లలో మామిడి పట్టలేదు. దాన్ని మా ఇంట్లో 'జింకల చెక్క' అనే అంటాం. ఏటా పురట్టాసిలో మొదటి వాన పడగానే తాత మూడు పడుల ఉలవలు అక్కడ చల్లించేవారు. కోత కోసేవారు కాదు. చుక్కల దుప్పులు వచ్చేవి, మిళా వచ్చేది. మిళా అంటే సాంబార్, ఆంధ్రలో కణుజు అంటారు. మనకు మాత్రం అరవం పేరే అలవాటు.

"నోరులేని జీవాలకు ఒక పంట వదిలిన మనిషి మా తాత." ఈ మాట నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో లెక్కలేదు. అమెరికా పిల్లలకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి కూడా పంపాను.

విత్తులు కొనే ముందు మా మేనత్తను అడుగుదామని వెళ్ళాను. ఆమెకు 84 ఏళ్ళు. తాత కూతుళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. ఉలవలు ఎన్ని రోజులకు మొలిచేవి, దుక్కి ఎన్ని సాళ్ళు పట్టేది అని అడుగుతుంటే వింటూ ఉంది. తర్వాత అంది:

"ఒరే, ఆకలికి పెట్టేవాడు చిత్తిరైలో పెడతాడు గాని మార్గళిలో పెడతాడా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. వాగు ఒడ్డున పెద్ద చింతమాను మీద మంచె ఉండేదట. కార్తిక పోయి ఉలవ తీగ మోకాలెత్తు వచ్చాక, చీకటి రాత్రుల్లో తాత, ఇంకో ఇద్దరు మంచె ఎక్కేవాళ్ళు. జోడు గొట్టాల తుపాకీ, ఐదు బ్యాటరీల టార్చిలైటు. తెల్లారేసరికి పెరట్లో మాంసం పంపకాలు. మిగిలింది ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టేవాళ్ళు. "నువ్వూ తిన్నావు. నీకు నాలుగేళ్ళు. ఇంకా కావాలని ఏడ్చావు" అంది.

కోపంగా చెప్పలేదు. పండక్కి ఏం వండేవాళ్ళో చెప్పినట్టే చెప్పింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, నిజం నెలల్లోనే ఉంది. మనకు పెద్ద వాన ఐప్పసి, కార్తికల్లో. ఈశాన్య రుతుపవనం కురిశాక తై దాకా కొండంతా పచ్చగానే ఉంటుంది. జింకకు అప్పుడు ఆకలి లేదు. కానీ అడవిలో ఎంత గడ్డి ఉన్నా పప్పుజాతి లేతాకు రుచి వేరు, దానికోసం వాగు దాటి వస్తుంది. నిజంగా కటకట పడేది మాసి దాటాక, వాగు ఎండి, గడ్డి పీచయ్యాక. తాత దయతో చల్లి ఉంటే ఆ నెలల్లో ఏదో చేసి ఉండాలి. పెన్సిల్వేనియాలో చలికాలమే కరువు కాలం, కాబట్టి అక్కడ ఆ మేత కొంతైనా జింకకు పనికొస్తుంది. మన నేల మీద అదే నెలలో చల్లిన ఉలవలు ఎర తప్ప మరొకటి కాదు.

తాతను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆ కాలంలో వేట మన వాళ్ళకు పరువు. మన ఊరి పేరు దేశానికి చెప్పింది కూడా వేటకుక్కే కదా! తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు ఉన్న రాజపాళయం కుక్కకు 2005లో తపాలా బిళ్ళ కూడా వేశారు. అడవిపందుల మీదికి ఉసిగొల్పిన జాతి అది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో తుపాకీ పోయింది, నడవలో కొమ్ములు పోయాయి, గోడకు మేకులు మాత్రం మిగిలాయి. వేట కథ చెప్పుకోవడం ఇబ్బందై ఉంటుంది. తుపాకీని తీసేసి ఉలవల్ని మాత్రం ఉంచుకుని కథ చెప్పుకున్నాం. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. ఒక్కొక్కరు ఒక్కో మాట వదిలేస్తూ వచ్చారు.

మరి ఇప్పుడు తుపాకీ లేదు కదా, పాప చూడ్డానికి చల్లితే తప్పేమిటి? అటవీశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ను అడిగాను. ఆయన ముందు చట్టం చెప్పారు. అందులో వేట అనే మాటకిచ్చిన అర్థంలో కాల్చడం, ఉచ్చు పెట్టడమే కాదు, ఎర వేయడం కూడా ఉంది. మన వాగు అవతలి అడవి మామూలు అడవి కూడా కాదు. 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యం చేశారు. 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం అయింది, దేశంలో 51వది.

తర్వాత ఆయన చెప్పిందే నాకు గట్టిగా తగిలింది. "జింక ఒక్కటే రాదండీ. పందులు వస్తాయి, కొబ్బరి మొక్కలు పెకలిస్తాయి. మీ చెక్క తిని పక్కవాళ్ళ పొలంలోకి పోతాయి, వాళ్ళు కరెంటు తీగ కడతారు. ఊరి కుక్కలు తరుముతాయి. వాటి వెనకే చిరుత వస్తుంది. మీరు చూసేది పది నిమిషాలు."

ఆ రాత్రి తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపకు ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఉన్నది చెప్పమన్నాను. తాత వేటగాడని, మంచి గురి అని, మనందరం ఆ మాంసం తిన్నవాళ్ళమని. కొత్తగా రికార్డు చేసి నేనే పంపుతానన్నాను. పంపాను కూడా.

జింకల చెక్కలో ఈ ఏడు ఏమీ చల్లలేదు. వాగు పక్కన కలుపు తీయించడం మాత్రం ఆపేశాను. అక్కడ మొలిచేది మొలుస్తుంది, దాటి వచ్చేది వస్తుంది, మనం పిలవడం లేదు. వేసవిలో అటవీశాఖ వాళ్ళు అడవి లోపలే తొట్లలో నీళ్ళు నింపుతారు, ఆ పని వాళ్ళకు వదిలేద్దాం.

కొన్న ఉలవలు నాలుగు కిలోలు వంటింట్లో ఉన్నాయి. డిసెంబర్లో పాప వచ్చాక అత్త చారు కాస్తానంది. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి కథలుంటే, చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే ఒకసారి అడగండి. ఏ నెలలో జరిగిందో తప్పకుండా అడగండి.