నాయన అంబాసిడర్‌కు కొత్త బ్రేకులు



మొన్న ఉగాదికి అందరం కలిసినప్పుడు ఒక పెద్దాయన నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగినాడు. "ఏమప్పా, మీ నాయన బండిని పాడు చేసినావంట గదా?" నోట్లో ఓళిగ ఉండింది కాబట్టి ఆ పూట జవాబు చెప్పలేకపోయినా. ఇంటికొచ్చినాక కూడా ఆ మాట వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

బండి మీలో చాలామందికి తెలుసు. 1973 అంబాసిడర్, మార్క్ 2, పెట్రోలు. గేరు రాడ్ స్టీరింగు పక్కనే ఉంటుంది. మన సంఘంలో కొంతమంది పెళ్లికొడుకులు దాంట్లోనే ఊరేగినారు. నాయన పత్తి వ్యాపారానికి ఆలూరు మీద ఆదోనికి దాంట్లోనే తిరిగేవాడు. ఆయన పుట్టినప్పుడు బళ్లారి, ఆలూరు, ఆదోని అన్నీ ఒకే జిల్లా. 1953లో మధ్యన గీత పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, మనం మైసూరుకు వచ్చినాము. నాయనకు ఆ గీత చెక్‌పోస్టు దగ్గర తప్ప ఎప్పుడూ గుర్తొచ్చేది కాదు. ఆయన పోయినాక బండి నాకొచ్చింది. ఆయన అలవాట్లు కూడా కొన్ని వచ్చినాయి. వాటిలో ఒకటి, "ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగు" అనే మాట.

ఆ మాట నేను పోయిన కార్తీకంలో మరిచిపోయినా.

సండూరు కుమారస్వామి గుడికి పోయి వస్తున్నాము. బండిలో నేను, మా ఆమె, అమ్మ, కూతురు, దాని రెండేళ్ల పాప. కొండ దిగేటప్పుడు పాప ఏడుస్తుంటే వెనక్కి మాట్లాడుకుంటా, గేరు తగ్గించకుండా, కాలు బ్రేకు మీదే పెట్టుకొని దిగినా. సగం దిగినాక పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపు దాటినాక ఫ్లోరు దాకా పోయింది. ముందర ఖనిజం లారీ ఒకటి మెల్లగా దిగుతాంది. దాని వెనక ఎర్రదుమ్ములో దాని బ్రేకు లైట్లు కూడా సరిగ్గా కనపడలేదు. పెడల్‌ను నాలుగైదుసార్లు పంపు కొట్టినా, గేరు రెండుకు లాగినా, హ్యాండ్ బ్రేకు లాగినా. లారీకి బండికి మధ్యన ఒక మనిషి పడుకునేంత జాగా మిగిలింది. వెనక సీట్లో వాళ్లకు ఏమీ తెలీలేదు. "ఏంరా, అంత జోరుగా తొక్కినావు?" అని అమ్మ అడిగిందంతే. చక్రాల దగ్గర కాలిన వాసన. రోడ్డు పక్కన ఆపి ముప్పావు గంట కూర్చున్నాము. నా కాళ్ల వణుకు మాత్రం ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

మరుసటి రోజు మా మెకానిక్ భాయ్ నాలుగు డ్రమ్ములూ ఊడదీసినాడు. లైనింగు బాగుంది, సిలిండర్లు కారడం లేదు, అడ్జస్ట్‌మెంటు సరిగ్గానే ఉంది. "బండిలో తప్పు లేదన్నా" అన్నాడు. నాకు ఎక్కువ భయం వేసింది ఆ మాటకే. ఏదైనా చెడిపోయి ఉంటే బాగు చేసుకొని ఊరుకునేవాణ్ణి.

బ్రేకు చేసే పని ఏమంటే, బండి ఊపును వేడిగా మార్చడం. అంబాసిడర్ దగ్గర దగ్గర 1100 కిలోలు. మనుషులు, సామాను కలిస్తే 1450 అనుకోండి. 100 మీటర్ల ఎత్తు వట్టి బ్రేకు మీదే దిగితే, దాదాపు ఐదు లీటర్ల చన్నీళ్లను తెర్లించేంత వేడి పుడుతుంది. ఆ వేడంతా నాలుగు మూసిన ఇనుప గిన్నెల్లోకే పోవాల. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లోపలున్న షూలకు దూరం జరుగుతుంది, అందుకే పెడల్ కిందికి పోతుంది. లైనింగు కాగితే పట్టు తగ్గుతుంది. దానికి తోడు బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక 140కే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు, కాలి కింద దూది. నా బండిలో ఆయిలు మార్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. ఆ తప్పు నాది, బండిది కాదు.

డిస్కు బ్రేకు అట్ల కాదు. పళ్లెం మాదిరి బయటికి ఉంటుంది, గాలి తగులుతుంది. వేడెక్కి ఉబ్బినా ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది, దూరం పోదు. ఇదేమీ నిన్నటి కొత్త కాదు. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెం జాగ్వార్ కారు గెలిచింది డిస్కు బ్రేకులతోనే. మన అంబాసిడర్‌కు తల్లి అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ తరువాత వచ్చిన బండి, అయినా డ్రమ్ములతోనే వచ్చింది. అప్పటి వేగాలకు, అప్పటి రోడ్లకు అవి చాలినాయి. అప్పుడు మన ముందర పోయేది ఎద్దులబండి. ఇప్పుడు ముందర పోయే కారు ఏబీఎస్‌తో టక్కున ఆగుతుంది, వెనక మనం 1973లో ఉంటాము.

ఇంట్లో చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాయన ఉన్నన్నాళ్లు ఆగిన బండి నీకెందుకు ఆగదు?" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నాయన చేతిలో నిజంగానే ఆగింది. ఆయన గేరుతో దిగేవాడు, నలభై దాటేవాడు కాదు. ఆ లారీ సంగతి అప్పుడు చెప్పినా, అంతవరకు దాచినా. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పాత సామాన్లు పారేయొద్దు" అనింది.

మొదటిసారి పని చెడింది. భాయ్‌కు ఊర్లో తీరిక లేదని బయట ఒక షెడ్డులో ఇచ్చినా. వాళ్లు ముందు చక్రాలకు డిస్కులు వేసి, పాత మాస్టర్ సిలిండర్ అట్లే పెట్టినారు. ఇంటికొచ్చేలోపల ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంత కాలినాయి. భాయ్ చూసి తల కొట్టుకున్నాడు. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసినా పైపుల్లో కొంచెం ప్రెజరు నిలిపి పెడుతుంది. డ్రమ్ముకు అది కావాల, ఎందుకంటే షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉన్నాయి. డిస్కుకు అట్లాంటి స్ప్రింగు లేదు, ఆ ప్రెజరుకే ప్యాడు రాసుకుంటా ఉంటుంది. వేడి తగ్గించుకోవాలని పోయి వేడి కొనుక్కొచ్చుకున్నా. సరే, దుడ్లు పోతే పోయినాయి.

ఇక భాయ్ చెప్పినట్టే చేసినాము. పాత సామాన్ల అంగళ్లు తిరిగి తిరిగి, తరువాతి కాలం అంబాసిడర్ ఒకదాని నుంచి మొత్తం సెట్టు తెచ్చినాము. ముందు హబ్బులు, డిస్కులు, క్యాలిపర్లు, పైనుంచి వేలాడే పెడల్, బూస్టరు, రెండు గదుల మాస్టర్ సిలిండర్. పాత దాంట్లో ఒకే గది. ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు లేనట్టే. రెండు గదులుంటే సగమన్నా మిగులుతుంది. నన్నడిగితే డిస్కుల కంటే ఇదే పెద్ద మార్పు, అయినా దీని గురించి ఎవరూ అడగరు. మీలో డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక మాట. బూస్టరు ఇంజను పీల్పుతో పని చేస్తుంది. డీజిల్ ఇంజనుకు ఆ పీల్పు ఉండదు, వాక్యూమ్ పంపు వేరే పెట్టుకోవాల. రబ్బరు గొట్టాలు, సీళ్లు, ఆయిలు మాత్రం పాతవి ఒక్కటి కూడా ఉంచొద్దు.

పని మొదలుపెట్టక ముందు ఒకసారి, అయినాక ఒకసారి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డులో పరీక్ష పెట్టినాము. యాభైలో వచ్చి సుద్దగీత దగ్గర తొక్కడం, ఆగినాక అడుగులు లెక్కపెట్టడం. ఆరుసార్లు వెంటవెంటనే. డ్రమ్ములతో మొదటిసారి 26 అడుగులు వేసినా, ఆరోసారి 41. డిస్కులతో మొదటిసారి 25, ఆరోసారి 26. మొదటి లెక్క చూసినారా? ఒక్క అడుగే తేడా! ఒక్కసారి ఆపడానికైతే డ్రమ్ము చాలు, అక్కడ పట్టేది టైరు. తేడా అంతా ఆరోసారిలో ఉంది. కొండ దిగేటప్పుడు మనకు పని పడేది ఆ ఆరోసారితోనే.

ఇక చట్టం సంగతి. సంఘంలోని వకీలు తమ్ముడు చెప్పినాకే నాకు తెలిసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీని మీద గట్టిగా చెప్పింది. నేను వేసింది అదే కంపెనీ సామానే, అయినా అది అనుమతి కిందికి రాదు. ముందు అడిగి తరువాత చేయాల్సింది, నేను తలకిందులుగా చేసినా. ఇప్పుడు ఆర్‌టీవో ఆఫీసులో అర్జీ పెట్టినా, ఇన్సూరెన్సువాళ్లకు లెటర్ ఇచ్చినా. మీరు నా మాదిరి చేయకండి.

పెద్దాయన బాధ నాకు అర్థమవుతుంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్ల నియమం తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అని వేరే నంబరు ఇస్తారు. 2023కు మా బండికి 50 నిండినాయి. ఆ నంబరు పలక మీద నాకూ ఆశ ఉండింది. ఈ మార్పుతో ఆ దారి మూసుకున్నట్టే. అది నష్టం కాదని నేను అనను. కొత్త పెడల్ దగ్గర నాయన కాలు అరగదీసిన ఆ పాత రబ్బరు లేదు, దాన్ని చూసినప్పుడల్లా నాకూ ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

నాలుగు డ్రమ్ముల్లో ముందు రెండూ, పాత పెడల్, మాస్టర్ సిలిండర్, అన్నిటికీ గ్రీజు పూసి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టినా. సంచికి చీటీ అమ్మే కట్టింది. నా తరువాత ఎవరికైనా మళ్లీ బిగించాలనిపిస్తే, ఒక్క బోల్టు కూడా తక్కువ కాకుండా అక్కడ ఉన్నాయి.

వచ్చే శనివారం అమ్మ, పాప మళ్లీ సండూరుకు బయల్దేరుతున్నారు. ఈసారి గేరులోనే దిగుతా. ముందు సీట్లో ఒక జాగా ఖాళీ ఉంది. పెద్దాయన వస్తానంటే పొద్దున ఆరుకు ఇంటి దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటా.