దెబ్బకీ దెబ్బకీ మధ్య

డ్రమ్స్ రికార్డింగుల్లో అన్నిటికన్నా గొప్పది ఏదంటే నేను తడుముకోకుండా చెప్పే పేరు 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబరులో సిన్సినాటిలోని కింగ్ స్టూడియోలో జేమ్స్ బ్రౌన్ బృందం చేసిన రికార్డు అది. వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. టెన్నెస్సీలోని చాటనూగాలో పుట్టినా, ఆయన దశాబ్దాలపాటు ఉన్నది విస్కాన్సిన్‌లో నేనుంటున్న ఈ మ్యాడిసన్‌లోనే. ఏళ్ల తరబడి సోమవారం రాత్రుళ్లు ఇక్కడి క్లబ్బుల్లో వాయించారు. ఇక్కడి మనవాళ్లలో చాలామందికి ఆయన పేరే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

పూర్తి నిడివి రికార్డులో అయిదు నిమిషాలు దాటాక మిగతా వాద్యాలన్నీ తప్పుకుంటాయి. ఎనిమిది ఆవర్తాలు డ్రమ్సే. హై-హ్యాట్ అనే జంట తాళాల మీద కుడిచెయ్యి తకధిమి తకధిమి అని పరుగు ఆపదు. మధ్యమధ్య ఆ రెండు తాళాలు కాస్త విడిపడి 'చ్స్' మంటాయి. స్నేర్ డ్రమ్ మీద పెద్ద దెబ్బలు ఎవరికైనా వినిపిస్తాయి. చెవిపెట్టి వినాల్సింది వాటి మధ్య ఎడమచేతి పని. పుల్ల అలా తాకి ఇలా లేచిపోతుంది. డ్రమ్మర్లు వీటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. అవి తీసేసినా లెక్క తప్పదు గానీ నడక చచ్చిపోతుంది. మా మిత్రుల అబ్బాయి విజయవాడ గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో మృదంగం నేర్చుకుంటున్నాడు. వాడికి ఇది వినిపిస్తే, రెండోసారికే ఆ సన్నదెబ్బల్ని తొడమీద పట్టేశాడు. కీర్తన నడుస్తుండగా వేళ్ల కొసలతో నింపడం వాడికి అలవాటే మరి.

నొటేషన్ చదవడం రాని మనిషి స్టబుల్‌ఫీల్డ్. చిన్నప్పుడు ఊళ్లోని ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ లయ పట్టుకున్నారు. ఆ ఎనిమిది ఆవర్తాలను హిప్‌హాప్ వాళ్లు వందల పాటల్లో వాడుకున్నారు. పబ్లిక్ ఎనిమీ బృందం పాట 'ఫైట్ ద పవర్'లోనూ అది ఉంది. పాట హక్కు మాత్రం రచయితగా జేమ్స్ బ్రౌన్‌ది. వాయించిన చేతికి దక్కింది దాదాపు ఏమీ లేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2017 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆ మే నెలలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

నా లెక్కలో తర్వాతి స్థానం డేవ్ బ్రూబెక్ బృందం 1959 నాటి 'టేక్ ఫైవ్'ది. అయిదు లెక్క, మన ఖండచాపు. డ్రమ్మర్ జో మోరెల్లో సోలో వాయిస్తున్నంతసేపూ బ్రూబెక్ పియానో ఒకే నడకను పట్టుకుని ఉంటుంది. ఆ ధీమాతోనే మోరెల్లో ఎంతెంత ఖాళీలు వదులుతారో గమనించండి.

ఇక లెడ్ జెప్లిన్ వాళ్ల 'వెన్ ద లెవీ బ్రేక్స్', 1971. ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, హాల్లో మెట్ల అడుగున జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. తాళం మామూలుదే, నెమ్మదిదే. ప్రతి దెబ్బా ఆ మెట్లెక్కి పైకి పోయి మైకులో పడుతుంది. దీన్ని మాత్రం హెడ్‌ఫోన్లో వినకండి. పెద్ద స్పీకర్లు పెట్టి, పక్కింటివాళ్లు ఇంట్లో లేనప్పుడు వినండి.