బస్సింట్లో గాలికి దారి

విజయనగరం నుంచి సాలూరు దిశగా 26వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు పాతిక కిలోమీటర్లు సాగితే గజపతినగరం వస్తుంది. పాతకాలపు డ్రైవర్లు ఇప్పటికీ దీనిని 43వ నంబరు రోడ్డనే పిలుస్తారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి విశాఖ వైపు సరకు మోసే లారీలు రాత్రింబవళ్ళు ఈ దారినే నడుస్తాయి. ఊరికి ఒక పక్క రాయ్‌పూర్ వెళ్ళే రైలుమార్గం. సమీపంలో, ఆండ్ర వైపు కొండలలో పుట్టి సముద్రానికి పోయే చంపావతి నది. వేసవిలో ఏటిలో నీటికన్నా ఇసుకే అధికం. ప్రయాణికులు ఇక్కడ టీ తాగి ముందుకు సాగుతారే గాని రాత్రి బస చేయరు. మేము చేశాము, అదీ మా బస్సులోనే.

మా మామూ ఒక పాత స్కూలు బస్సును కొని, సీట్లు తీయించి, పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు అమర్పించి నడిచే ఇల్లుగా మార్పించారు. ఇటువంటి మార్పులకు రవాణా శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయితే ఆ పని చేసిన షెడ్డువారు అందం కోసం కిటికీలలో అధికభాగాన్ని ప్లైవుడ్‌తో మూసివేశారు. కప్పు మీది పాత గాలిమూత వర్షానికి కారుతున్నదని దానినీ రేకుతో బిగించారు. ఏసీ ఉండగా కిటికీలెందుకన్నది వారి వాదన. కోరాపుట్ ప్రయాణంలో గజపతినగరం చేరేసరికి ఇంజను కట్టవలసి వచ్చింది, ఏసీ ఆగిపోయింది. అది రోహిణీ కార్తె.

లోపల నిద్రించవలసినవారము ఆరుగురము. మా ఖాలాకు ఉబ్బసం. అర్ధరాత్రి దాటకముందే ఆమె లేచి కూర్చుని, తలుపు తెరవమని సైగ చేశారు. మాట రావడం లేదు. తలుపు తీసి ఆమెను దింపి చెట్టు కింద మంచం వేశాము. ఇన్‌హేలర్ వాడిన పావుగంటకు ఆయాసం తగ్గింది. అటుపై తెల్లవారేదాకా ఎవరమూ బస్సెక్కలేదు.

ఈ ఇబ్బంది కేవలం వేడివల్ల కలిగినది కాదు. మా బస్సు లోపలి భాగం ఎనిమిది మీటర్ల పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు, మనిషి నిలబడగలిగినంత ఎత్తు. అంటే సుమారు 35 ఘనపు మీటర్ల గాలి. నిద్రించే మనిషి గంటకు దాదాపు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ విడుస్తాడు. చిన్న రంధ్రం కూడా లేకుండా మూస్తే ఆరుగురి శ్వాసతో ఒక్క గంటలోనే ఆ వాయువు బయటి గాలిలో ఉన్నదానికి ఆరురెట్లవుతుంది. సందుల వెంట కొంత గాలి రాకపోకలు సాగించడం వల్లనే అంతవరకు పోదు. మరొకటి తేమ. శ్వాస ద్వారా, చర్మం ద్వారా ఒక్కొక్కరు రాత్రికి ఇంచుమించు పావు లీటరు నీటిని గాలిలో కలుపుతారు. ఆరుగురికి లీటరున్నర! కోస్తా ఉక్కలో అది ఆరిపోయే వీలు లేదు. పరుపుల కింద చేరి బూజవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి బూజు కన్నా చెడ్డది ఏమున్నది?

మరునాడు ఉదయం లారీ బాడీలు కట్టిన అనుభవమున్న ఒక పెద్దాయన వచ్చి చూశారు. లారీలకు పేరుపడ్డ సాలూరు ఈ దారిలోనే ఉండడం వల్ల ఇటువంటి పనివారికి ఇక్కడ కొదువ లేదు. ఏసీ బదులు పెద్ద ఫ్యాను పెడదామన్నారు మామూ. ఆయన నవ్వి, “కొత్త గాలి రావాలంటే ముందు పాత గాలి పోవాల కదండి బాబూ, దానికి దారేదండి?” అన్నారు. గదిలోని గాలినే తిప్పే ఫ్యాను చెమట ఆర్చగలదు గాని గాలిని మార్చలేదు. బయటికి తోడే ఫ్యానుకు కూడా, లోపలికి గాలి వచ్చే రంధ్రం లేకపోతే, పని జరగదు.

వేడి గాలి పైకి పోతుందన్న సూత్రాన్ని మన పూర్వులు ఇళ్ళలో బాగా వాడుకున్నారు. ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో ‘బాద్గీర్’ అనే గాలి బురుజులు నేటికీ నిలిచి ఉన్నాయి. దౌలతాబాద్ తోటలోని బాద్గీర్ ఎత్తు 33 మీటర్లకు పైనే. కైరో పాత ఇళ్ళ మీది ‘మల్కఫ్’ కూడా ఆ కోవలోనిదే. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ ఇరవయ్యో శతాబ్దంలో దానిని మళ్ళీ వాడుకలోకి తెచ్చేందుకు శ్రమించాడు. అయితే బురుజుకున్న ఎత్తు బస్సుకు లేదు. రెండు మీటర్ల తేడాతో పుట్టే లాగు బలహీనం. గాలి వీచని రాత్రి అది చాలదు. కనుక చిన్న యంత్రసాయం తప్పదు.

ఆ పెద్దాయన చేసిన పని ఇది. కప్పు వెనుక భాగాన రేకు కోసి, మూత ఉన్న చదరపు ద్వారం పెట్టి, అందులో బ్యాటరీతో నడిచే పన్నెండు వోల్టుల ఫ్యానును గాలి బయటికి తోసేలా బిగించారు. ముందువైపు, పడకల ఎత్తుకు దిగువన, నీడపడే పక్క రెండు కిటికీలను ప్లైవుడ్ తొలగించి తెరిచారు. కింద వచ్చిన గాలి మనుషుల మీదుగా సాగి పైన పోవాలి. రెండూ పక్కపక్కనే ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది. దోమతెర గాలిని కొంత ఆపుతుంది కాబట్టి కిటికీలను ఆ మేరకు పెద్దవి చేశారు. తెరకు పట్టిన దుమ్మును వారానికొకసారి కడగమన్నారు. కప్పుకు తెల్లరంగు వేయడం మాత్రం మామూ ఆలోచన. సాయంత్రానికి పని ముగిసింది. అగరుబత్తి వెలిగించి కిటికీ వద్ద పట్టుకోగా పొగ తిన్నగా లోపలికి పాకి, పడకలు దాటి, కప్పులోకి వెళ్ళిపోయింది. పిల్లలకు అదొక వేడుక.

వేడికి భయపడి గాలి కోరుకోవడం సులభం. కొండెక్కాక చలిలో కిటికీ తెరిచి ఉంచడమే కష్టం. అసలు ప్రాణాపాయం అక్కడే. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే కన్నుమూశారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరిశీలనలో తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గుల కుంపటి నుంచీ, సరిగా మండని స్టవ్ నుంచీ అదే వస్తుంది. వంటగ్యాసు సంగతి వేరు: అది గాలికన్నా బరువైనది, లీకైతే నేలమీద పరుచుకుంటుంది, కప్పు ద్వారం దానిని తీయలేదు. అందుకే సిలిండరు అరలో నేలమట్టాన, వాహనం బయటికి తెరుచుకునేలా, ఒక రంధ్రం వేయించాము. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే చిన్న పరికరాన్ని పడకల దగ్గర గోడకు బిగించాము. వంట ఇకపై బస్సు బయటే.

సాలూరు దాటి ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరిన రాత్రి గాలి చల్లగా వీచింది. ఇషా నమాజు అయ్యాక మామూ కిటికీలు వేయబోతే ఖాలా వారించారు. “రెండు వేళ్ళ సందు ఉండనీ భాయీజాన్, నేను దుప్పటి ఇంకొకటి కప్పుకుంటాను” అని గోడవైపు తిరిగి పడుకున్నారు.