కూలర్ కంటే ముందు మీటరు

మన దగ్గర ట్రక్కంటే లారీ. టెక్సస్‌లో ట్రక్కంటే పికప్: ముందు క్యాబిన్, వెనక తొట్టి, బోనెట్ కింద చాలాసార్లు ఎనిమిది సిలిండర్ల ఇంజన్. డాలస్ పొలిమేరల్లో ఇలాంటి బళ్లకు బలం పెంచే ఒక వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు లిఫ్టు మీద ఉన్నది 2000ల నాటి షెవర్లే సిల్వరాడో, 5.3 లీటర్ల వీ8. దానికి సూపర్‌ఛార్జర్‌ను తర్వాత చేర్చారు. బెంచీ మీద అట్టపెట్టెలో ఆయిల్ కూలర్ ఉంది. సన్నటి అల్యూమినియం పలకల దొంతర, రెండు హోసులు, వాటిని కలిపే నాలుగైదు యూనియన్లు. అంతే సరంజామా. యజమాని అడిగింది దాన్ని బిగించమని. మెకానిక్ ముందుగా చేతిలోకి తీసుకున్నది మాత్రం నూనె వేడిని కొలిచే సెన్సరును, డాష్‌బోర్డు మీద పెట్టే మీటరును. ఆ వరసే సరైనదని నేనంటాను. కూలర్ బిగించడం ఒక పూట పని. ఆ బండికి అది కావాలా అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

నూనె రాపిడిని తగ్గిస్తుందని అందరికీ తెలుసు. అది వేడిని మోస్తుందన్న సంగతి అంతగా గుర్తుండదు. రేడియేటర్ నీళ్లు సిలిండర్ గోడల చుట్టూ, హెడ్డులోపలా తిరుగుతాయి గానీ పిస్టన్ల అడుగుకూ క్రాంక్ బేరింగులకూ చేరవు. అక్కడి వేడిని ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపుకు దించేది నూనే. సూపర్‌ఛార్జర్ గాలిని కుక్కితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, ఆ అదనపు వేడిలో నూనెకూ వాటా పడుతుంది. పొయ్యి మీద మూకుడులో నూనె కాగేకొద్దీ పల్చబడటం మనం రోజూ చూసేదే. 5డబ్ల్యూ-30 రకం నూనెకు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న చిక్కదనం 100 డిగ్రీలకు సుమారు ఆరో వంతుకు దిగుతుంది. 130 దగ్గరకొచ్చేసరికి ఆ మిగిలినదీ ఇంచుమించు సగమవుతుంది. క్రాంకుకూ బేరింగుకూ మధ్య వెంట్రుకంత మందమైనా లేని నూనె పొర ఉంటుంది. అది తెగితే ఇనుము బేరింగును నేరుగా ఒరుసుకుంటుంది. పైగా ప్రతి 10 డిగ్రీలకూ నూనె చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఇంతవరకే చూస్తే, పెట్టె విప్పి కూలర్ బిగించేయాలనిపిస్తుంది.

అయితే చల్లగా ఉండిపోయిన నూనెతోనూ చిక్కే. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి సంపులోకి జారుతుంది, దాని వెంట కాస్త పెట్రోలూ దిగుతుంది. నూనె 100 డిగ్రీల చుట్టుపక్కలకు వెళ్తేనే ఇవి ఎగిరిపోతాయి. వెళ్లకపోతే నూనె పోసే మూత లోపలివైపు పెరుగు మీగడలాంటి తెల్లటి జిగురు పేరుకుంటుంది. పొద్దున ఆఫీసుకు పది నిమిషాలు, సాయంత్రం ఇంటికి పది నిమిషాలు తిరిగే బండికి పెద్ద కూలర్ తగిలిస్తే జరిగేది ఇదే. అందుకని కూలర్ కొనేవాళ్లు దాని సైజు గురించి అడిగే ముందు, థర్మోస్టాట్ ఉందా అని అడగాలి. సాధారణంగా అది 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని నూనెను కూలర్ వైపు మళ్లిస్తుంది. అప్పటిదాకా చాలా నూనె కూలర్ జోలికి పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. నూనెకు కావలసింది 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఒక నిలకడ. చలువ ఎంత ఎక్కువైతే అంత మేలన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

మన లారీలను చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. డాడ్జ్ రామ్ పికప్‌లో 1989లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజనూ, మన రోడ్ల మీద టాటా లారీలను లాగిన కమిన్స్ ఇంజనూ ఒకే కుటుంబం. ఆ ఇంజన్‌లో కూలర్ బయట వేలాడదు. ఫిల్టర్ బిగించే చోటే, బ్లాకు లోపల రేడియేటర్ నీళ్లలో మునిగి ఉంటుంది. తెల్లవారుజామున నీళ్లు ముందు వేడెక్కి నూనెను వేడి చేస్తాయి, ఘాట్ ఎక్కేటప్పుడు అవే నీళ్లు నూనెను చల్లబరుస్తాయి. బయట గాలికి పెట్టే కూలర్‌కు నూనెను వెచ్చబెట్టే విద్య లేదు. ఆ లోటును థర్మోస్టాట్ సగమే పూడుస్తుంది.

ఫ్యాక్టరీ వాళ్లకు తెలియదా, అవసరమైతే వాళ్లే పెట్టేవాళ్లు కదా అన్నది గట్టి ఆక్షేపణే. అమెరికాలో పికప్‌ల లాగే శక్తిని కొలవడానికి జే2807 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ నుంచి 11.4 మైళ్ల ఎగుడు దారిని, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ట్రెయిలర్ కట్టుకుని, ఏసీ వేసుకుని ఎక్కాలి. మామూలు పికప్ వేగం గంటకు 40 మైళ్ల కంటే తగ్గకూడదు. 2011 టండ్రా పికప్‌తో టొయోటా ఆ ప్రమాణాన్ని అందరికంటే ముందుగా పాటించింది. అంత పరీక్షకు నిలిచిన బండికి కూలర్ తగిలించడం అనుమానమే అవుతుంది. కానీ లిఫ్టు మీదున్న సిల్వరాడో ఆ ప్రమాణం కంటే పాతది. పైగా కంపెనీ ఏ పరీక్ష చేసినా సూపర్‌ఛార్జర్ లేని ఇంజన్‌కే చేసింది. బలం పెంచిన రోజే ఆ భరోసాకు కాలం చెల్లింది. సింథటిక్ నూనె పోస్తే చాలనేవాళ్లది సగం నిజం. అది వేడికి తొందరగా చెడదు గానీ, వేడికి పల్చబడకుండా ఉండలేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం లీకు. ఈ ఇంజన్ సంపుకు ఎడమవైపు, ఫిల్టర్‌కు పైన, రెండు బోల్టుల చిన్న మూత ఉంటుంది. అది విప్పి అడాప్టర్ పెట్టి, హోసులను రేడియేటర్ ముందున్న కూలర్ దాకా లాగుతారు. ప్రతి యూనియనూ లీకుకు ఒక కొత్త చోటే. హోసు ఛాసిస్ అంచుకు ఒరుసుకుని చిరిగితే, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పంపు నూనెనంతా రోడ్డు మీదికి తోడేస్తుంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలు. రేడియేటర్‌కు వెళ్లే గాలి కూడా ముందే వేడెక్కుతుంది. ట్రెయిలర్ కట్టని, రేసు ట్రాకు ఎక్కని బండికి ఈ వాదన ముందు కూలర్ ఓడిపోతుంది. ఆగస్టు ఎండలో పడవను కట్టుకుని గంటలకొద్దీ లాగే బండికి, నూనె 125 దాటి అక్కడే నిలిచిపోతుంటే, లీకు భయాన్ని హోసు దారీ క్లిప్పులూ సరిచూసుకుని తగ్గించుకోవచ్చు. ఈ రెంటిలో తన బండి ఏదో యజమాని ఊహించి చెప్పలేడు. డాష్‌బోర్డు మీద ఫ్యాక్టరీ ఇచ్చిన టెంపరేచర్ ముల్లు నీళ్ల వేడిని చూపిస్తుంది. నూనె 130కి చేరినా ఆ ముల్లు నడిమధ్యలో నిశ్చింతగా కూర్చోగలదు.

వర్క్‌షాపు మూల తుక్కు డ్రమ్ములో పాత కూలర్లు రెండు కనిపించాయి. పైకి చక్కగా ఉన్నవే. బేరింగు పోయిన ఇంజన్ నుంచి తీసిన కూలర్ పలకల మధ్య లోహపు పొడి దాక్కుంటుంది, ఎంత కడిగినా మొత్తం రాదు. చవగ్గా దొరికిందని దాన్ని మరో ఇంజన్‌కు బిగిస్తే ఆ పొడి కొత్త బేరింగుల్లోకి దిగుతుంది. సిల్వరాడో యజమాని తెచ్చిన కూలర్ కొత్తదే. మెకానిక్ దాని హోసుల చివర్ల ప్లాస్టిక్ మూతలు తీయకుండా పెట్టె మళ్లీ మూశాడు. ట్రెయిలర్ కట్టి రెండు వారాలు తిప్పి, ఎక్కడ ఎంత చూపించిందో రాసుకురమ్మని, మీటరు మాత్రమే బిగించి బండిని లిఫ్టు మీంచి దించాడు.