విశ్రాంతి వేరు, నిద్ర వేరు

2010 మే 22వ తేదీ ఉదయం దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగుతూ రన్‌వే దాటి లోయలోకి దూసుకుపోయి దగ్ధమైంది. అందులోని 166 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 8 మంది మాత్రమే.

శకలాలలో దొరికిన ధ్వనిముద్రణ యంత్రాన్ని విచారణ సంఘం శ్రద్ధగా విన్నది. నమోదైన రెండు గంటల పైచిలుకు కాలంలో మొదటి గంటా నలభై నిమిషాల సేపు కెప్టెన్ మాట లేదు. మధ్యమధ్య గురక, దీర్ఘశ్వాసలు వినిపించాయి. ఆయన మేల్కొన్న కొద్దిసేపటికే విమానాన్ని దించవలసి వచ్చింది. అప్పటికి విమానం ఉండవలసిన ఎత్తుకంటే చాలా పైన ఉన్నది. దిగే ప్రయత్నం మానుకొమ్మని కో-పైలట్ మూడుసార్లు హెచ్చరించినా కెప్టెన్ దించటానికే పూనుకున్నారు. గాఢనిద్ర నుంచి లేచినవారి బుద్ధిని కొంతసేపు ఆవరించి ఉండే మత్తు ఆ నిర్ణయాన్ని ప్రభావితం చేసి ఉండవచ్చునని సంఘం అభిప్రాయపడింది.

అదే నివేదికలో మరొక మాట ఉన్నది. ప్రయాణానికి ముందు కెప్టెన్‌కు తగినంత విశ్రాంతికాలం లభించింది. నిబంధనల లెక్కలో లోటు కనిపించలేదు. అయినా ఆయన తన ఆసనంలోనే నిద్రపోయారు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు పెద్దలు. నిద్రకు సుఖం తెలియకపోవచ్చును గాని వేళ తెలుసు. రాత్రి 2 గంటల నుంచి 6 గంటల వరకు మనిషి చురుకుదనం అడుగంటుతుందని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. శరీరంలోని గడియారం వెలుగుచీకట్లను అనుసరిస్తుంది. డ్యూటీ పట్టిక దానికి అర్థం కాదు. వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయిందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ప్రకటించారు. తాగి విమానం నడపటం నేరమని అందరూ ఒప్పుకుంటారు. అలసి నడపటాన్ని మాత్రం లోకం చాలాకాలం ఉద్యోగధర్మంగానే భావించింది.

రాత్రంతా విమానం నడిపిన పైలట్ ఉదయానికి పరాయి ఊరి హోటల్ గదికి చేరుకుంటాడు. కాగితం మీద ఆయన విశ్రాంతి అప్పటికే మొదలై ఉంటుంది. తెర సందుల్లోంచి ఎండ, వరండాలో అడుగుల చప్పుడు, వెలుగు చూసి మేలుకున్న శరీరం. పక్కమీద ఎనిమిది గంటలు దొర్లినా పట్టింది మూడు గంటల కునుకే కావచ్చు. పట్టిక తయారుచేసే ఉద్యోగి క్రూరుడు కాడు. ఉన్న పైలట్లతో ఉన్న విమానాలన్నీ వేళకు నడిపించటం ఆయన పని. గంటలను ఆయన కూడగలడు, తీసివేయగలడు. ఆ గంటలలో నిద్ర ఎంతో ఆయన పట్టికలో కనిపించదు.

2009లో అమెరికాలోని బఫలో సమీపాన విమానం కూలి 50 మంది మరణించిన తరువాతనే అక్కడి విశ్రాంతి నిబంధనలు కఠినమయ్యాయి. 2014లో అమలులోకి వచ్చిన ఆ నిబంధనలు సరుకు విమానాల పైలట్లకు వర్తించలేదు. పెట్టెలు మోసే విమానం నడిపేవాడికి నిద్ర రాదని కాబోలు!

మన దేశంలో 2024 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ కొత్త నిబంధనలు ప్రకటించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రివేళ దిగటాలను ఆరు నుంచి రెండుకు కుదించింది. 2025లో రెండు విడతలుగా అవి అమలులోకి వచ్చాయి. ఆ డిసెంబరులో ఇండిగో సంస్థ వాటికి సరిపడా పైలట్లను సమకూర్చుకోలేక వేలాది విమానాలను రద్దు చేసింది. ప్రయాణికులు సామానుతో విమానాశ్రయాలలో పడిగాపులు పడ్డారు. చివరకు కొన్ని నిబంధనలను ప్రభుత్వం తాత్కాలికంగా సడలించవలసి వచ్చింది.

ఆగిన విమానం అందరికీ కనిపిస్తుంది. ప్రయాణికుడి కోపం సహజమే. వేళకు బయలుదేరిన విమానంలో బరువెక్కుతున్న కనురెప్పలు మాత్రం ఎవరికీ కనిపించవు. నిద్రకు వెల ఉన్నది: మరికొందరు పైలట్లు, మరికొంత జీతం, టిక్కెట్టు మీద మరికొన్ని రూపాయలు. ఆ వెల ఎక్కువని తోచినప్పుడు మంగళూరు లోయను ఒక్కసారి తలచుకుంటే చాలు.